కంచం మీద పేరు

పటమట, విజయవాడ
12-8-97

సయీదా టీచరుగారికి,

సంపూర్ణమ్మ నమస్కారాలు. ఇక్కడ హాస్టల్లో పిల్లలందరూ బాగున్నారు. మీ ఒంట్లో ఎలా ఉందో తెలియక నాకు అన్నం సయించడం లేదు. వారంలో వచ్చేస్తానని చెప్పి ఆషాఢంలో బందరు మీ తమ్ముడుగారింటికి వెళ్లారు. శ్రావణం వచ్చేసింది. షుగరు తగ్గిందా? డాక్టరు ఏమన్నాడు? దాచకండి. మీరు దాస్తే నేను అంతకంటే పెద్దది ఊహించుకుని కూర్చుంటాను.

బియ్యం అడుగంటుతున్నాయి. నేను పిల్లలకి వండి పెట్టేదాన్ని గానీ నలుగురి దగ్గరికీ వెళ్లి అడిగేదాన్ని కాదు. అయినా మీరు చెప్పి వెళ్లారు కదా అని ఆటోనగర్ వెళ్లాను. పొద్దున్నే అయితే మనిషి దొరుకుతాడని, తలుపులు తీసే వేళకే ఒక టైర్ల షాపు ముందు నిలబడ్డాను. షావుకారు అగరొత్తులు వెలిగించి తిరిగేసరికి ఎదురుగా నేను. "ఇంకా బోణీ కాలేదు, అప్పుడే చెయ్యి చాపుకుంటూ వచ్చేశావా" అన్నాడు. నేను చెయ్యి చాపలేదు టీచరుగారూ, చేతిలో గొడుగుంది. వచ్చేస్తుంటే వీధి వీధంతా నన్నే చూస్తున్నట్టనిపించింది. ఆ రోజు వాడికి బేరాలు లేకపోతే నన్ను తిట్టుకుంటాడేమోనని అదో బెంగ.

పిల్లల కాళ్లకి కట్టే కాలిపర్లు బాగుచేసే జాన్‌బాబు ఒక సలహా చెప్పాడు. పిల్లల్లో ఒకర్ని వెంట తీసుకెళ్లండి మామ్మగారూ, ఆ కాళ్లు చూస్తే ఎంతటివాడైనా ఇస్తాడు అని. సాయిశ్రీని రమ్మన్నాను. కాలిపరు పట్టీలు బిగించుకుంటూ కూర్చుంది. తీసుకెళ్లమంటారా?

పదో తరగతి పిల్లలకి మార్చిలో పరీక్షలు. అప్పటిదాకా అయినా మన హాస్టలు నడవాలి. నడవక పిల్లల్ని ఇళ్లకి పంపామా, మళ్లీ ఒక్కళ్లనీ రానివ్వరు. సాయిశ్రీ నాన్న మొన్న వచ్చి, టీచరమ్మ లేదుగా, మూసేస్తున్నారా అని అడిగాడు. అడగడంలోనే ఎప్పుడు తీసుకుపోదామా అన్నట్టుంది. పోలియో కాలితో చదివి ఏం చేస్తుంది అనే మనిషి కదా.

త్వరగా రండి. మందులు వేళకి వేసుకోండి.

సంపూర్ణమ్మ


మచిలీపట్నం
20-8-97

సంపూర్ణక్కా,

చెయ్యి బెణికింది. అందుకని మా తమ్ముడి కూతురు షహనాజ్‌తో రాయిస్తున్నాను. అక్షరాలు మారాయని కంగారు పడకు. షుగరు ఉన్నట్టే ఉంది. ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉండమన్నారు.

ముందు ఒక మాట. పిల్లల్ని ఎవరి ముందుకీ తీసుకెళ్లొద్దు. నేను చిన్నప్పటి నుంచి ఒక కాలు ఈడ్చుకుంటూ నడిచినదాన్ని. కాలు చూసి ఇచ్చేవాడు ఒక్కసారే ఇస్తాడు. రెండోసారి ఆ కాలు వాడికి అలవాటైపోతుంది. పిల్లకి మాత్రం ఎప్పటికీ అలవాటు కాదు.

బోణీ అయ్యాక, భోజనాల వేళకి ముందు వెళ్లు. మొదటిసారి ఏమీ అడక్కు. టీ ఇస్తే వద్దనకుండా తాగు. పోయిన ఏడు ఇచ్చినవాళ్లయితే, ఆ ఇచ్చింది ఏమైందో చెప్పు. మీరు ఇచ్చిన కుర్చీలో కూర్చున్న పిల్ల ఎనిమిదిలోంచి తొమ్మిదిలోకి వచ్చిందండీ అని చెప్పి వచ్చేయ్. వాళ్లే అడుగుతారు, ఇప్పుడేం కావాలమ్మా అని. ఇచ్చాక ఒక కార్డు ముక్క రాయి. చాలామంది అడిగేటప్పుడు ఇల్లు వెతుక్కుంటూ వస్తారు, తీసుకున్నాక ఆ వీధి మొహం చూడరు. మనం అలా కాకూడదు.

లారీ కమాన్ కట్టల కొట్టు నిసార్ అహ్మద్ గారిని మాత్రం ఏమీ అడక్కు. ఆయన నెల నెలా వేసే బియ్యం బస్తా ఆయనే వేస్తాడు. ఎవరికీ చెప్పడు. మనమూ చెప్పం.

అడగడం నామోషీ కాదక్కా. అలుపు, అంతే.

సయీదా


పటమట
9-11-97

టీచరుగారికి నమస్కారాలు.

చెయ్యి ఇంకా నయం కాలేదా? మీ ఉత్తరాలు షహనాజ్ చేతిరాతతోనే వస్తున్నాయి. బెణుకు ఇన్నాళ్లుంటుందా? ఎముకేమో, చూపించుకోండి.

ఈసారి ఒక మంచి కబురు. మీరు చెప్పినట్టే తిరిగాను. టీలు తాగీ తాగీ కడుపులో మంట పట్టుకుంది. కొందరు ఇచ్చారు, కొందరు తర్వాత రమ్మన్నారు. తర్వాత వెళ్తే ఆ తర్వాత రమ్మన్నారు. కార్డులు రాశాను. తప్పులుంటే సాయిశ్రీ దిద్దింది. అయినా ఒకసారి ఇచ్చినవాళ్లు రెండోసారికి మర్చిపోతున్నారు. ఏం చెయ్యాలో తోచక కూర్చుంటే నా పాత ఇత్తడి చెంబు కంటపడింది. నా పెళ్లికి మా అన్నయ్య ఇచ్చింది. దాని మీద నా పేరు కొట్టించాడు. చెంబు సొట్టలు పోయింది గానీ పేరు పోలేదు. పేరుంటే మనిషి తన వస్తువుని మర్చిపోడు కదా అనిపించింది.

మన స్టీలు కంచాలన్నీ మూటగట్టుకుని వన్‌టౌన్‌లో సామాన్ల కొట్టుకి తీసుకెళ్లాను. మనకి బియ్యం వేసేవాళ్ల పేరు ఒక్కొక్క కంచం మీద కొట్టించాను. వాళ్లింట్లో పోయినవాళ్ల పేరు కావాలంటే ఆ పేరు. అంచు మీద కాదు, లోపల, ముద్ద కలిపే చోట. "ఈ కంచంలో మీ పేరు మీద ఒక పిల్ల రెండు పూటలా తింటుందండీ" అని చెప్పాను. టీచరుగారూ, ఆ మాటకి మనుషులు ఎలా మారిపోయారో మీరు చూడాలి. కంకిపాడు రైసు మిల్లు దుర్గాప్రసాద్ గారు వాళ్ల నాన్న రత్తయ్య గారి పేరు కొట్టించమన్నారు. కార్లో వచ్చి ఆ కంచం ఎవరిదో అడిగి, సాయిశ్రీ పక్కన కుర్చీ వేయించుకుని తినేదాకా చూశారు. వాళ్లావిడ ఫోటో తీసింది. వెళ్తూ వెళ్తూ పరీక్షల దాకా బియ్యం నేను చూసుకుంటానన్నారు. ఆ రోజు నాకు నిద్ర పట్టింది.

ఆదివారం ఆదివారం ఎవరో ఒకరు కంచం చూసుకోడానికి వస్తున్నారు. పిల్లలు తలలొంచుకుని తింటున్నారు. సిగ్గేమో.

ఇవన్నీ రాశాను గానీ, మీ చెయ్యి సంగతి రాయండి.

సంపూర్ణమ్మ


మచిలీపట్నం
2-12-97

సంపూర్ణక్కా,

నీ ఉపాయం విని మా తమ్ముడు మెచ్చుకున్నాడు. నేనైతే ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. ఎక్కడో గుచ్చుకుంటోంది, ఎక్కడో చెప్పలేకపోతున్నాను. బియ్యం ఉన్నాయంటున్నావు. ఇక్కడ మంచం మీద పడుకుని నీకు వంకలు పెట్టడానికి నాకు మొహం లేదు.

చెయ్యి అలాగే ఉంది. అడక్కు.

సయీదా


పటమట
27-1-98

టీచరుగారికి,

ఏం రాయాలో తెలియడం లేదు. మీరు కోప్పడతారని నెల నుంచి రాయలేదు. ఇప్పుడు రాయకపోతే ఇంకెవరికి చెప్పుకోను?

నిసార్ అహ్మద్ గారిని ఏమీ అడగొద్దని మీరన్నారు. నేనేమీ అడగలేదు. అదే నా తప్పు. అందరి పేర్లూ కంచాల మీద ఉండి, మీరు హాస్టలు తెరిచిన నాటి నుంచీ బియ్యం వేసే మనిషి పేరు లేకపోతే ఆయన ఏమనుకుంటాడో అని నాకు ఒకటే దిగులు. కంచం చిన్నదైపోతుందని అన్నం వండే గుండిగ మీద పెద్ద అక్షరాలతో కొట్టించాను. ఆయన చూసి సంతోషిస్తాడనుకున్నాను.

ఆయన కంటే ముందు జాన్‌బాబు చూశాడు. కాలిపర్లకి మేకులు బిగించడానికి వచ్చి, మంచినీళ్లకని వంటింట్లోకి వచ్చాడు. పోయి ఆటోనగర్ టీ కొట్లో, నిసార్ భాయ్ పేరు గుండిగంత ఉంది హాస్టల్లో, మనకి టీ కూడా తాగించడు గానీ అని నవ్వులాటకి అన్నాడట. అది ఆ నోటా ఈ నోటా ఆయన దాకా వెళ్లింది. రంజాను ఉపవాసాల్లో ఉండి కూడా ఆయనే స్వయంగా వచ్చారు. వంటింటి గడప దాటలేదు. అక్కడి నుంచే గుండిగ వంక చూశారు. కేక వేస్తే బాగుండేది. చిన్నగా అన్నారు.

"ఇది నేనిచ్చింది కాదమ్మా. నా డబ్బులో ఉన్న ఈ పిల్లల వాటా. వాళ్ల వాటా మీద నా పేరేంటి?"

అంతే. నేను తడబడి, చెరిపించేస్తానండీ అన్నాను. తలూపి వెళ్లిపోయారు. ఈ నెల బస్తా రాలేదు.

ఇంకొకటి కూడా రాస్తాను. ఇది రాయకపోతే మొదటిది చెప్పినట్టు కాదు. ఆ రోజే సాయంత్రం కంచాలు తోముతుంటే రత్తయ్య గారి పేరు మీద గీతలు కనపడ్డాయి. సాయిశ్రీ లెక్కల పెట్టెలో సూది ఉంటుంది చూడండి, దాంతో గీకింది. నాకు ఒళ్లు మండిపోయింది. మిల్లు ఆయన చూస్తే ఏం గతి, నీ తిండి నువ్వే పోగొట్టుకుంటావా అని అరిచాను. ఆ పిల్ల ఏడవలేదు.

"మా ఇంట్లో అక్క పేరు కొట్టించిన బిందెలున్నాయి మామ్మా. గిన్నెలున్నాయి. అత్తారింటికి వెళ్తుందని అమ్మ చిన్నప్పటి నుంచీ కొని అటక మీద పెట్టింది. నా పేరుతో గ్లాసు కూడా లేదు. నేనెక్కడికీ వెళ్లనుగా. ఇక్కడికొస్తే ఇక్కడ రత్తయ్య."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. తినేటప్పుడు అన్నం మధ్యలోకి జరిపి ఆ పేరు కప్పుతారట, టీచరుగారూ. అందరూ. ఆ పేరు బయటపడుతుందని అడుగు మెతుకులు వదిలేస్తున్నారట. కంచాల్లో అన్నం మిగులుతుంటే వంట బాగా లేదేమో అని నేను రోజూ ఉప్పు చూసుకుంటున్నాను.

ఇప్పుడు ఏం చెయ్యను? దుర్గాప్రసాద్ గారి నాన్నగారి ఆబ్దికం ఫిబ్రవరి చివర్లో. బంధువుల్ని తీసుకొచ్చి కంచం చూపిస్తానన్నారు. పేర్లు ఉంచితే పిల్లలు అలా తింటారు. తీసేస్తే అసలు తినడానికే ఉండదేమో. మీరు వచ్చి ఏదో ఒకటి చెయ్యండి. ఇది నా వల్ల అయ్యేది కాదు.

సంపూర్ణమ్మ


మచిలీపట్నం
4-2-98

సంపూర్ణక్కా,

నేను రాలేను. చెయ్యి బెణకలేదు. కళ్లు పోయాయి. షుగరు కళ్లలోకి దిగిందని ఆషాఢంలోనే అన్నారు. మద్రాసు తీసుకెళ్లి చూపించారు, లాభం లేదన్నారు. ఇప్పుడు వెలుతురు ఎటుందో తెలుస్తుంది, అంతే. నీకు చెబితే నువ్వు బెంగతో మంచం పడతావు, హాస్టలు మూతపడుతుంది అని దాచాను. ఇది చదువుతూ షహనాజ్‌ని తిట్టుకోకు. నేను చెప్పిందే రాసింది.

గుడ్డిదాన్ని, కుంటిదాన్ని వచ్చి ఏం చేస్తాను? నీకు వండి పెట్టాల్సిన నోరు ఇంకొకటి అవుతుంది. అందుకని నన్ను లెక్కలో పెట్టుకోకుండా ఆలోచించు.

నిసార్ గారు నీ మీద కోపంతో బస్తా ఆపలేదు. ఆయనకి ఇప్పుడు బస్తా పంపాలంటే పదిమంది చూస్తారని సిగ్గు. దానికి నా దగ్గర మందు లేదు.

మిగతాది నువ్వే రాసేశావు. పేర్లు కప్పుకుని తింటున్నారని రాశావు కదా. అది తెలిశాక కూడా ఉంచగలిగితే ఉంచు. నేను నిన్ను తప్పు పట్టను. పరీక్షలు దగ్గర పడ్డాయి. మెతుకు వదిలేసి అయినా సరే, పరీక్ష రాస్తే చాలు అని నువ్వనుకుంటే అదీ నిజమే. నాకు ఓపిక లేదు అక్కా. నువ్వు ఏం చేస్తే అదే సరి.

సయీదా


పటమట
8-3-98

టీచరుగారికి,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు వంట ఎలా చేశానో నాకు తెలియదు. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశానని పిల్లలు అన్నారు. ఇన్నాళ్లూ చేతికి కాపడం పెట్టుకోమని రాశానే, మీరు ఎలా విన్నారో ఆ మాటలు. ఏడవడం అయిపోయాక కంచాలన్నీ మూటగట్టాను. గుండిగ కూడా.

ఆటోనగర్‌లో బస్సుల బంపర్లకి మెరుగు పెట్టే షెడ్డు ఉంది. అది నిసార్ గారి కొట్టుకి పక్కనే. ఆ వీధిలోకి వెళ్లడానికి మొహం చెల్లలేదు గానీ నాకు ఇంకో షెడ్డు తెలియదు. మిషను మీద పెడితే నిప్పురవ్వలు లేచి పేర్లన్నీ పోయాయి. రత్తయ్య గారి పేరు పోతుంటే తల పక్కకి తిప్పుకున్నాను. పోయినాయన నాకేం అపకారం చేశాడు? క్షమించమని మనసులో అనుకున్నాను. మధ్యలో పక్క కొట్టు నుంచి నా కోసం ఒక స్టూలు, టీ వచ్చాయి. ఎవరు పంపారని నేను అడగలేదు. మీరు చెప్పినట్టు తాగాను.

అక్కడి నుంచి ఆటో ఎక్కి వన్‌టౌన్ వెళ్లాను. పేర్లు కొట్టేవాడు నన్ను గుర్తుపట్టి, మళ్లీ ఎవరు పోయారు మామ్మగారూ అన్నాడు. ఎవరూ పోలేదు, ఉన్నవాళ్ల పేర్లు కొట్టు అన్నాను. సాయిశ్రీ, రామతులసి, ఇంటిపేర్లతో సహా పిల్లలందరివీ. గుండిగ మీద మాత్రం ఏమీ లేదు.

ఆ పూట భోజనాలు చాలాసేపయ్యాయి. అన్నం తినడం మానేసి ఒకరి కంచం ఒకరు చదువుకోవడమే. సాయిశ్రీ తన కంచం తనే తోముకుంది. నన్ను తోమనివ్వలేదు. అటక మీద పెడతావా అని ఎగతాళి చేస్తే, మా ఊరు తీసుకెళ్లి అమ్మకి చూపిస్తానంది.

ఆబ్దికం నాటికి దుర్గాప్రసాద్ గారు వచ్చారు. నేను గేటు దగ్గరే చెప్పేశాను. చెప్పకుండా లోపలికి రానిస్తే మోసం అనిపించింది. "మా నాన్న పేరు అరగదీయించావా" అన్నారు. బంధువుల ముందు ఆయన మొహం చూడలేకపోయాను. మీ నాన్నగారి పేరు మీద తిన్నదే ఆ పిల్ల ఒంట్లో ఉందండీ, అది అరగదండీ అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట. ఆయన వినలేదు. తెచ్చిన అరటిగెల గేటు దగ్గర దింపించి కారెక్కారు. ఆ తర్వాత మిల్లు నుంచి బియ్యం రాలేదు. ఆయన్ని నేను తప్పు పట్టను. తండ్రి పేరు కదా. కార్డు రాశాను, పిల్లలు అరటిపళ్లు తిన్నారని. మిగతావాళ్లలో కూడా ఆదివారాలు వచ్చేవాళ్లు తగ్గారు.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం రిక్షా మీద రెండు బస్తాలు వచ్చాయి. ఎవరు పంపారయ్యా అంటే, తెలియదు, దింపమన్నారు అన్నాడు రిక్షావాడు. నేను మళ్లీ అడగలేదు. అవి పరీక్షలు అయ్యేదాకా వస్తాయి. ఆ తర్వాత సంగతి నాకు తెలియదు. అద్దె ఉంది, కరెంటు బిల్లు ఉంది, తిరగాల్సిన కొట్లు ఉన్నాయి. నా పాదాలు వాస్తున్నాయి. అదేం జబ్బో అని ఇంకో భయం.

రామతులసి వాళ్ల నాన్న బందరు వస్తుంటే ఆయన చేత ఒక పొట్లం పంపుతున్నాను. కొట్లో పేర్లు కొట్టిస్తున్నప్పుడు ఒక మాట తట్టింది. పెళ్లి కాని మీకు కూడా ఎవరూ కొట్టించి ఉండరు. తప్పుగా అనుకోకండి.

సంపూర్ణమ్మ


మచిలీపట్నం
15-3-98

సంపూర్ణక్కా,

కంచం అందింది. ఏమిటిది ఫుప్పూ, పాత కంచం పంపారు అని షహనాజ్ అంది. మెరుగు పెట్టినా అంచున సొట్ట తెలుస్తోంది. అది అక్కడ రోజూ నేను తిన్న కంచమే.

లోపల ఏదో రాసి ఉందని, చదవమంటారా అని అడిగింది. వద్దన్నాను. వేలు పెట్టి చూసుకున్నాను. ఆ మిషను వేసిన చుక్కలు వేలికి తగులుతున్నాయి. మొదట సున్నాలా తగిలింది, కాదు, 'స'. తర్వాత మిగతావి. టీచరు లేదు, గారు లేదు. ఉత్త సయీదా. ఈ ఏడాదిలో నాకు నేను చదువుకున్నది ఇదొక్కటే.

అన్నం పెట్టించుకుని తిన్నాను. అడుగుదాకా తిన్నాను.

పిల్లల పరీక్షలు కానీ. అవి అయ్యాక ఎవర్నీ ఇళ్లకి పంపేయకు. నువ్వు ఒక్కదానివి కొట్లన్నీ తిరగలేవు, పాదాలు ముందు డాక్టరుకి చూపించు. నాకు కళ్లు లేవు గానీ ఏ షావుకారుని ఏ వేళకి పలకరించాలో తెలుసు. నువ్వు చెయ్యి పట్టుకుని నడిపిస్తే నేను మాట్లాడతాను. నన్ను చూసి జాలిపడి ఇచ్చేవాడి కొట్టుకి మాత్రం రెండోసారి వెళ్లొద్దు.

మా తమ్ముడు వద్దంటున్నాడు. అననీ. ఏప్రిల్ మొదటివారంలో షహనాజ్ నన్ను బస్సెక్కిస్తుంది. కంచం నేనే తెచ్చుకుంటాను. నువ్వు గుండిగలో ఒక దోసెడు బియ్యం ఎక్కువ పొయ్యి.

సయీదా